చెంచాలు వేసిన శుక్రవారం

మా శేషు మామయ్య కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు అటక మీదున్న పెద్ద డేగిసా దింపబోయి, చెయ్యి సగంలో ఆగిపోతే గోడకి ఆనించి నిలబడిపోయాడు. నేను స్టూలెక్కి దింపాను. మా అబ్బాయి స్నేహితులందరికీ ఆయన అందులో బిరియానీ వండాలి. ఆయన్ని పిలిపించిందే అందుకు. "చేతికేమైంది తాతయ్యా?" అని మావాడు అడిగితే, ఉల్లిపాయలు తరుగుతూ తలైనా ఎత్తకుండా, "బస్సు దిగుతూ పడ్డాన్రా" అన్నాడు. పోయినేడు మా ఆడపడుచు అడిగినప్పుడు మెట్ల మీంచి పడ్డానన్నాడు. అడిగినవాళ్ళందరికీ తలా ఒక ప్రమాదం పంచిపెడుతుంటాడు. వీళ్ళ దృష్టిలో ఆయన దోహాలో ఓ కంపెనీ క్యాంపు మెస్సులో వంట చేసి వచ్చిన మనిషి. అది అబద్ధం కాదు. కానీ అంతకుముందు అక్కడ ఏం పని చేశాడో చెప్పమంటే నోరు విప్పడు. ఆయన విప్పకపోతే నేను విప్పుతాను. నా నోటి సంగతి మా బంధువుల్లో ఎవర్నడిగినా చెబుతారు.

మా మామయ్య బంతి వేసి బతికినవాడు. సరదాకి కాదు, జీతానికి. ఆటగాళ్ళని వేలంలో కోట్లు పోసి కొంటున్న ఈ రోజుల్లో ఇదో వింతలా వినిపించదు. కానీ తొంభైల్లో, మా తెనాలి మనిషి ఒకడు బౌలింగ్ కోసం విమానమెక్కాడంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. దోహాలో అప్పట్లో కాస్త పెద్ద కంపెనీలన్నిటికీ క్రికెట్ టీములుండేవి. మా నాన్న పనిచేసే కాంట్రాక్టు కంపెనీ జనరల్ మేనేజరు ఓ ఇంగ్లీషాయన. టెండరు పోతే ఓ పూట బాధపడేవాడు. పోటీ కంపెనీ చేతిలో మ్యాచ్ పోతే వారం రోజులు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన టీముకి కెప్టెన్ ఖలీల్ అంకుల్. నిజామాబాద్ మనిషి, పనివాళ్ళుండే క్యాంపులు, వీసాలు చూసే ఉద్యోగం ఆయనది. మంచి ఫాస్ట్ బౌలర్ కావాలని ఆయన వెతుకుతుంటే, మా నాన్న నోరు జారి మా బావమరిది ఉన్నాడన్నాడు. కంపెనీ దగ్గర ఆ సమయానికి ఖాళీగా ఉన్న వీసా ఒక్కటే, వంటవాడిది. గల్ఫులో వీసాలో రాసేదొకటి, చేసే పని ఇంకొకటి అవడం అందరికీ అలవాటే. అలా మామయ్య వంటవాడిగా దిగి, స్టోర్సులో ఓ కుర్చీలో కూర్చుని, సాయంత్రాలు బంతులు వేసేవాడు. "కాఫీ కలపడం రాదు, సర్కారు లెక్కలో మాత్రం వంటవాడు" అని అమ్మ నవ్వేది. ఆ నవ్వు తర్వాత ఎలా తిరిగొచ్చిందో చెబుతాను.

మేం దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఉండేవాళ్ళం. రెండు గదుల ఫ్లాటు, కిటికీకి బిగించిన ఏసీ కింద ఎప్పుడూ ఓ బకెట్టు. మామయ్య హాల్లో దివాన్ మీద పడుకునేవాడు. శుక్రవారం సెలవు, అదే మ్యాచ్ రోజు. జుమ్మా నమాజు వేళకి ఆట ముగిసిపోవాలి కనక తెల్లారుతూనే మొదలయ్యేది. అమ్మ చీకటితోనే లేచి పెసరట్లు పోసి డబ్బాలో సర్దేది. మామయ్య మాత్రం ఏమీ తినకుండా, ఉప్పేసిన మజ్జిగ గ్లాసుడు తాగి బయల్దేరేవాడు. మిగతా వారమంతా అమ్మకి ఆ తెల్లబట్టలతోనే యుద్ధం. బంతిని తొడకేసి రుద్దీ రుద్దీ ప్యాంటుకి ఎర్రమరక చేసుకొచ్చేవాడు. అమ్మ నిమ్మచెక్క పెట్టి రుద్దేది, నీలిమందు పెట్టేది, బాల్కనీలో ఎండేసి, ఇసుకగాలి రేగితే పరుగున లోపలికి తెచ్చేది. "నువ్వు వికెట్లు తీస్తావు, నేను మరకలు తీస్తాను. మెడల్ మాత్రం నీకు" అనేది. ఇప్పుడు మా ఇంట్లో మిషను తిరుగుతుంది, అందులో ఎవరి బట్టలు ఏ మరకతో పడ్డాయో నాకు తెలియదు. అప్పుడు ఆ మరక ఎంత పొడుగుందో చూసి, ఆ రోజు మామయ్య ఎన్ని ఓవర్లు వేశాడో అమ్మ చెప్పగలిగేది.

గ్రౌండు అంటే గడ్డిపరక లేని రాళ్ళనేల. మధ్యలో సిమెంటు పలక, దాని మీద కొబ్బరిపీచు చాప, అది లేవకుండా చుట్టూ మేకులు. ఆడవాళ్ళం కార్లోనే అద్దాలు దించుకుని కూర్చునేవాళ్ళం. అంత దూరం నుంచి కూడా మామయ్య పరుగు మొదలుపెడితే నేను కిటికీలోంచి తల బయటపెట్టేదాన్ని. ఇంట్లో మంచినీళ్ళడగడానికి కూడా మొహమాటపడే మనిషి, ఆ పరుగులో ఇంకెవరో అయిపోయేవాడు. కుడి చెయ్యి చెవిని రాసుకుంటూ నిటారుగా పైకి లేచేది. బంతి చాప మీద పడి బ్యాటువాడి గడ్డం మీదికి లేచేది. మొదటి రెండు సీజన్లు ఎదుటి టీములవాళ్ళు బ్యాటింగుకొచ్చే ముందు ఆయన ఉన్నాడా లేడా అని చూసుకునేవారు. జిల్లా జట్టు దాకా వెళ్ళి, ఎవరి సిఫార్సూ లేక వెనక్కొచ్చి, బియ్యం కొట్లో కాటా ముందు కూర్చున్నవాడికి అది ఎంతటి మాటో మీరే ఊహించుకోండి.

మూడో సీజన్ నాటికి కంపెనీకి పనులు తగ్గాయి. ఇంటికి పంపించే వాళ్ళ పేర్లు అనుకుంటున్నారని నాన్న భోజనాల దగ్గర గొంతు తగ్గించి చెప్పేవాడు. మామయ్య వీసా రెన్యువల్‌కి వచ్చింది. జి.ఎం. ఖలీల్ అంకుల్‌తో, "ఫైనల్ అవనీ, చూద్దాం" అన్నాడట. ఆ తర్వాత ఎవరూ దాన్ని వివరించలేదు, అక్కర్లేకపోయింది. అలాంటప్పుడు, సెమీఫైనల్లో బౌండరీ దగ్గర్నుంచి బంతి విసురుతుండగా మామయ్య భుజంలో ఏదో తెగింది. ఆయన నవ్వుతూనే మ్యాచ్ ముగించాడు. మేం గెలిచాం. ఇంటికొచ్చి తలుపేశాక చూస్తే చొక్కా విప్పుకోలేకపోతున్నాడు. అమ్మ వెనక నుంచి లాగబోతే, గొంతులోంచి ఓ మూలుగు వచ్చింది. అమ్మ నా వైపు తిరిగి, "వసూ, కత్తెర తే" అంది. అన్ని నిమ్మచెక్కలు పెట్టి కాపాడుకున్న ఆ తెల్లచొక్కాని, భుజం నుంచి నడుం దాకా కత్తిరించేసింది. అప్పుడు తెలిసింది నాకు, ఇది వాపు, బెణుకు అనే మాటల్లో తేలేది కాదని.

"ఆస్పత్రికి పదండి" అన్నాను నేను. ఆస్పత్రికి వెళితే సిక్ లీవు కాగితం కంపెనీకి పోతుంది, అది ఖలీల్ అంకుల్ బల్ల మీదుగా జి.ఎం. దాకా నడుస్తుంది అన్నాడు నాన్న. "నడవనీ! చెయ్యి పోయినవాడికి చెయ్యి పోయిందని చెప్పడానికి భయమేంటి?" అన్నాను. పన్నెండో క్లాసు చదువుతున్న ఆడపిల్ల మాట ఆ ఇంట్లో ఎంత చెల్లుబాటయ్యేదో, నా కాఫీ గ్లాసు నా ముందు నుంచి తీసేసి "వెళ్ళి చదువుకో" అనడంలో తెలిసిపోయింది. ఆ రోజు నుంచి మా ఇల్లంతా కర్పూరం, నూనె వాసన. ఇటుక కాచి గుడ్డలో చుట్టి పెట్టేది అమ్మ, ఉప్పు వేయించి మూట కట్టి అద్దేది. మామయ్య ఎడంచేత్తో తల దువ్వుకునేవాడు, పాపిడి ప్రతిరోజూ కొత్తచోట పడేది. అసలు కష్టం కంచం దగ్గర. ముద్ద కలపగలిగేవాడు గాని, నోటి దాకా చెయ్యి లేచేది కాదు. ఇరవయ్యారేళ్ళ మనిషికి అమ్మ ముద్దలు చేసి పెడుతుంటే, ఆయన కిటికీ వైపు తిరిగి తినేవాడు.

ఆ మధ్యలో వచ్చిన శుక్రవారం రెండో సెమీఫైనల్. మాకు మ్యాచ్ లేదు. జి.ఎం.కి ఆంధ్రా భోజనం తినాలని బుద్ధి పుట్టి, తనే అడిగి మరీ మా ఇంటికి వస్తానన్నాడు. ఖలీల్ అంకుల్ నమాజు ముగించుకుని ఆయన్ని తీసుకొస్తాడు. వద్దనడానికి వీల్లేదు. ఎడంచేత్తో తింటే పరువు తక్కువ, పైగా ఖలీల్ అంకుల్ ముందు. అమ్మ ఓ ఉపాయం కనిపెట్టింది. మోచెయ్యి బల్ల మీద ఆనించి, పొడుగు కాడ చెంచా పట్టుకుంటే, కుడిచేత్తోనే నోరందుతోంది. మామయ్య ఒక్కడికే చెంచా వేస్తే బాగోదు కనక అందరికీ వేసింది. నూనె వాసన పోవడానికి ఇల్లంతా బుఖూర్, అదే అరబ్బుల సాంబ్రాణి, పొగ పట్టింది. చదువుకున్నవాళ్ళ ఇంటికి దొర వస్తున్నాడు, చెంచాలు వేశారు, ఇందులో అనుమానించడానికేముంది అనుకుంది. అమ్మ తెలివైంది. కానీ ఆ రోజు వంటకాలు మార్చడం మర్చిపోయింది.

అందరూ కూర్చున్నారు. ముద్దపప్పు, ఆవకాయ, గోంగూర మాంసం, గడ్డ పెరుగు. ఖలీల్ అంకుల్ తన కంచం పక్కన మెరుస్తున్న చెంచాని చూశాడు. మా నాన్న ఆవకాయ అన్నాన్ని చెంచాతో పొడుస్తుంటే చూశాడు. నేను చూస్తున్నానని గమనించి నా వైపు చూశాడు. "ఏంది భాభీ, ఇయ్యాల మాకు ఇంత మర్యాద?" అన్నాడు.

"దొరగారొచ్చారు కదా అన్నయ్యా" అంది అమ్మ.

"అచ్ఛా. నేనొస్తే ఎన్నడు పెట్టలే. ముద్దపప్పు, ఆవకాయ చెంచాతోని తినే ఆంధ్రోణ్ణి నా జిందగీల చూడలే."

అందరం నవ్వాం. అవసరమైనదానికన్నా ఎక్కువే నవ్వాం. అంతలో జి.ఎం. చెంచా కింద పెట్టి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. మీరు చేత్తో తింటారని విన్నాను, నాకోసం మొహమాటపడకండి, నాకూ నేర్పండి అన్నాడు ఇంగ్లీషులో. ఎవరు నేర్పాలో కూడా ఆయనే చెప్పాడు. "శేషు చూపిస్తాడు. మన గెలుపంతా ఆ చేతిలోనే ఉంది కదా."

అమ్మ చేతిలో పప్పు గిన్నె అలాగే ఉండిపోయింది. నాన్న మంచినీళ్ళ కోసం లేవబోయి, నీళ్ళు ముందే ఉన్నాయని చూసి కూర్చున్నాడు. మామయ్య చెంచా పక్కన పెట్టాడు. అన్నంలో పప్పు వేసి, నెయ్యి వేసి, నిదానంగా కలిపాడు. వేళ్ళు ఇలా, అరచేతికి అంటకూడదు సార్ అని చెబుతూ కలిపాడు. ముద్ద చేశాడు. ఆ తర్వాత ఆ చెయ్యి కంచం మీంచి లేవడం నేను చూశాను. మెడ మీద నరం తాడులా ఉబ్బింది. చెవుల వెనక నుంచి చెమట కారింది, ఏసీ మొహం మీదే కొడుతోంది. చెయ్యి గడ్డం దాకా వచ్చి ఆగింది. మిగతా దూరం తలే వంగింది. ముద్ద నోట్లోకి వెళ్ళింది. మామయ్య నమిలి, నవ్వి, "లైక్ దిస్ సార్" అన్నాడు. జి.ఎం. పసిపిల్లాడిలా సంబరపడి, పప్పు గడ్డం మీద పూసుకుని తిన్నాడు. ఖలీల్ అంకుల్ ఆ తర్వాత ఒక్క ముద్ద తినలేదు.

దొరని కారెక్కించి ఖలీల్ అంకుల్ మళ్ళీ పైకొచ్చాడు. తలుపు వేసి, మామయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకు చెప్పనీకి ఏమైంది భై?"

"చెబితే ఏం చేసేవాడివి?" అన్నాడు మామయ్య.

అంకుల్ టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు. "నిన్ను తెచ్చింది నేను. ఫైనల్ల నువ్వు లేవంటే మొదటి పేరు నీదే. టిక్కెట్ చేతుల పెట్టి యల్లా, ఇగ నడువు అంటడు. క్యాంపు కంపౌండర్ దగ్గర సూది ఉన్నది. నొప్పి తెల్వదు."

"నొప్పి తెలియదు గాని చెయ్యి తెగుతుంది కదా!" అమ్మ గొంతు లేచింది. "మా తమ్ముడేమన్నా గుర్రమా అన్నయ్యా, సూది పొడిచి పరిగెత్తించడానికి?"

"భాభీ, నేను చెప్తలే. అడుగుతున్న."

"నేను చెబుతాను" అన్నాను. "జి.ఎం.కి నిజం చెప్పండి. మనిషే కదా ఆయన."

ఖలీల్ అంకుల్ నా వైపు జాలిగా చూశాడు. "మనిషే బేటీ. మనిషి కాబట్టే గెలుపు కావాలె."

నాన్న మాట్లాడలేదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమున్నది ఆ మౌనానికే. చివరికి మామయ్యే అన్నాడు, నేల వైపు చూస్తూ. "అక్కా, మనూళ్ళో నన్ను రెండు జట్లవాళ్ళు పేరు చదవకుండా పంపించారు. ఇక్కడ బంతి వెయ్యడానికి పిలిచారు. వెయ్యలేనని చెప్పడానికి నాకు నోరు రాదు. సూది తెప్పించు ఖలీల్ భాయ్." అమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఎంగిలి పడని చెంచాల్ని కూడా తోమడం మొదలుపెట్టింది.

ఫైనల్ రోజు అమ్మ కారు వెనక సీట్లో కళ్ళు మూసుకుని కూర్చుంది. మ్యాచ్ మొత్తం అలాగే. అమ్మ అడగడం, నేను చెప్పడం.

"వేశాడా?"

"వేశాడు."

"చెయ్యి?"

"పైకే లేచింది. చెవి దాకా."

సూది పనిచేసింది. మొదట్లో మామయ్య పాత మామయ్యే, ఇంకా వేగంగానే వేశాడనిపించింది. నొప్పి తెలియని చేతికి భయం కూడా ఉండదు కాబోలు. వికెట్లు పడ్డాయి. నాన్న జి.ఎం. పక్కన మడతకుర్చీలో కూర్చుని ఎదుటివాళ్ళు పరుగు తీసినప్పుడు కూడా చప్పట్లు కొట్టేస్తున్నాడు. ఎండ ఎక్కింది. ఎదుటివాళ్ళ ఆఖరి జోడీ మొండిగా నిలబడింది, కొట్టాల్సిన పరుగులు తగ్గుతూ వచ్చాయి. ఎక్కడో మసీదులోంచి మొదటి పిలుపు వినిపించేసరికి ఆఖరి ఓవరు మిగిలింది. ఖలీల్ అంకుల్ బంతిని చాలాసేపు చేతిలో తిప్పాడు. మామయ్య వెళ్ళి ఆయన చేతిలోంచి తీసుకున్నాడు.

"వేశాడా?"

"వేశాడు."

"చెయ్యి?"

నేను చెప్పలేకపోయాను. భుజం ఎత్తులో ఆగిపోయింది చెయ్యి. బంతి పక్కకి పోయింది. మామయ్య ఎడంచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని నడిచి వెనక్కెళ్ళాడు, ఏదో చొక్కా సర్దుకుంటున్నట్టు. సూది మందు దిగిపోయిందని ఆ నడకలోనే తెలుస్తోంది. "వసూ, చెయ్యి ఎలా ఉందే?" అని అమ్మ నా మోకాలు గిల్లింది. మామయ్య మళ్ళీ అదే పరుగు, అదే ఉరవడితో వచ్చాడు. ఆ పరుగు చూసి బ్యాటువాడు ఎప్పటి వేగానికే సిద్ధమై బ్యాటు ఊపేశాడు. కానీ సగమే లేచిన చేతిలోంచి బంతి, ఇష్టం లేని చోటికి వెళ్తున్న పిల్లలా, నింపాదిగా వచ్చింది. బ్యాటు ఎప్పుడో దాటిపోయాక వచ్చి వికెట్‌ని తాకింది. ఒక్క బెయిలు పడింది. చాలు.

గోల. అందరూ పరిగెత్తారు. ఎంత మోసపు బంతి, ఎంత తెలివి అని అరుస్తున్నారు. జి.ఎం. టోపీ ఎగరేసి, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్ళి, మామయ్య కుడి మణికట్టు పట్టుకుని, గెలిచిన మల్లుడి చెయ్యి ఎత్తినట్టు, ఆ చేతిని ఆకాశంలోకి ఎత్తేశాడు. చెవి దాటి, తల దాటి, పూర్తిగా. ఎవరో ఫోటో తీశారు. మామయ్య నోరు తెరుచుకుని ఉంది, నవ్వుతున్నాడనే అనుకున్నారందరూ.

అమ్మ సరిగ్గా అప్పుడు కళ్ళు తెరిచింది. ఆ గ్రౌండులో అంతవరకూ ఆడది కారు దిగడం నేను చూడలేదు. అమ్మ తలుపు తోసుకుని, చెప్పులు కూడా లేకుండా, ఆ రాళ్ళ మీద చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరిగెత్తింది. మగవాళ్ళందరి మధ్యలోంచి దూసుకెళ్ళి, జి.ఎం. చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగింది. "దించు! దించవయ్యా మహానుభావా!" అని తెలుగులోనే అరిచింది. ఆయనకి అర్థం కాలేదు. తమ్ముడి గెలుపుకి ఆవిడ పొంగిపోయిందనుకుని, ఆవిడ చెయ్యి అందుకుని ఊపుతూ, "థాంక్యూ, మిసెస్ మూర్తి, థాంక్యూ!" అన్నాడు. మామయ్య చెయ్యి ఆ ఎత్తుకి వెళ్ళడం అదే ఆఖరు. అప్పుడు కూడా తనంతట తాను వెళ్ళలేదు.

వీసా రెన్యువల్ అయింది. ఆ వేసవంతా నయమవుతుందనుకున్నాం, కాలేదు. కొత్త సీజన్లో సంగతి బయటపడ్డాక జి.ఎం. వీసా కాగితం తెప్పించి చూసి, "ఇతను వంటవాడు కదా, వంటింటికి పంపండి" అన్నాడట. దయతో అన్నాడా, రూలు ప్రకారం అన్నాడా అని నేనూ అమ్మా ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. క్యాంపుకి వెళ్ళే ముందు మామయ్య మా వంటింట్లో అమ్మ పక్కన నిలబడి పప్పు ఎసరు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అమ్మ నవ్వు తిరిగొచ్చింది అప్పుడే. ఓ రోజు ఆయన మాడ్చిన పోపు చూసి పగలబడి నవ్వి, ఆ నవ్వులోంచే ఏడ్చింది. తర్వాత చాలా ఏళ్ళు ఆయన వందలమందికి వండిపెట్టాడు. "వాడు తిన్నాడు, పదిమందికి పెట్టాడు. అంతకన్నా ఏం కావాలే?" అంటుంది అమ్మ. "చెయ్యి ఇచ్చి గరిటె తెచ్చుకున్నాడు" అంటాను నేను. "గరిటె కూడా లేకుండా తిరిగొచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసా?" అంటుంది. తెలుసు. తెలిసినా నేను ఒప్పుకోను. కిందటేడు పనిమీద దోహా వెళ్ళి, ముషైరిబ్‌లో మెట్రో మారి, మా పాత గ్రౌండు వెతుక్కుంటూ పోయాను. అక్కడ అద్దాల మేడ నిలబడి ఉంది. ఏ మూల చాప పరిచేవారో తేల్చుకోలేక, సెక్యూరిటీ మనిషితో దారి విషయం మీద పోట్లాడి వచ్చేశాను.

మొన్న బిరియానీ అద్భుతంగా కుదిరింది. పిల్లలంతా సోఫాల్లో, ఫోన్లు చూసుకుంటూ చెంచాలతో తింటున్నారు. ఇప్పుడు మా ఇంట్లో ముద్దపప్పు కూడా చెంచాతోనే తింటారు. ఎవరి చెయ్యి లేవడంలేదో కనిపెట్టడం ఇప్పుడు ఖలీల్ అంకుల్ వచ్చి కూర్చున్నా ఆయన వల్ల కాదు. మామయ్య అందరికీ పెట్టి, ఆఖర్న తన కంచం తెచ్చుకుని వంటింటి స్టూలు మీద కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. చెయ్యి కాస్త లేచింది, తల మిగతా దూరం వంగింది. నేను చూడలేక, డ్రాయరు లాగి, పొడుగు కాడ చెంచా ఒకటి తీసి ఆయన కంచం పక్కన పెట్టాను. దాన్ని చూశాడు. హాల్లో పిల్లల వైపు ఓ చూపు చూశాడు. చిటికెనవేలితో మెల్లగా నా వైపు తోశాడు.

"తీసెయ్యవే కోడలా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఎవరన్నా చూస్తే అనుమానపడతారు."